గాలిని బట్టి బీచ్: గోజో దీవి తీరాలన్నీ తిరిగిన నా అనుభవం

మధ్యధరా సముద్రంలోని దీవి దేశం మాల్టాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. సెలవు రోజు వస్తే అందరం పడవెక్కి పక్క దీవి గోజోకి వెళ్తాం. కానీ చాలామంది ఆ ఒక్క రోజులోనే గుడి, కోట, గుహ, బీచ్ అన్నీ చుట్టేసి, ఫోన్ నిండా ఫొటోలతో రాత్రికి తిరిగొచ్చేస్తారు. నేను మాత్రం ఒక వేసవి మొత్తం, ఆ తర్వాత వచ్చిన శరదృతువులో కూడా, సెలవు దొరికినప్పుడల్లా గోజో వెళ్ళి దాని తీరాలను ఒక్కొక్కటే చూశాను. కారు లేదు. బస్సు, నడక, అంతే. అలా తిరగడం వల్లే ఈ దీవిలో బీచ్ ఎలా ఎంచుకోవాలో తెలిసింది. ఇంటర్నెట్‌లో 'టాప్ టెన్' జాబితాలు చూసి వెళ్ళే మనవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నాది చీరాల దగ్గర పల్లె. వాడరేవు సముద్రం చూస్తూ పెరిగాను. మాకు బీచ్ అంటే కనుచూపు మేర ఇసుక, ఎప్పుడూ విరిగిపడే అలలు, గట్టు మీద పడవలు. ఈత అయితే కాలవలో వచ్చింది గానీ, సముద్రంలో ఎవరూ ఈదరు. సముద్రస్నానం అంటే కార్తీక పౌర్ణమికి మోకాళ్ళ లోతులో నిలబడి మూడు మునకలు వేసి రావడమే. గోజోలో ఈ లెక్కలేవీ నడవవు. దీవి పొడవు దాదాపు 14 కిలోమీటర్లు, వెడల్పు 7 కిలోమీటర్లు. తీరంలో ఎక్కువ భాగం రాయే. ఇసుక ఉన్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రాతి మీద తువ్వాలు పరుచుకుని, ఇనుప నిచ్చెన పట్టుకుని నేరుగా లోతు నీళ్ళలోకి దిగే చోటుని కూడా ఇక్కడ బీచ్ అనే అంటారు.

వెళ్ళడం తేలిక. మాల్టా ఉత్తరం కొసన ఉన్న చిర్కెవ్వా రేవులో ఫెర్రీ ఎక్కితే 25 నిమిషాల్లో గోజోలోని ఇమ్‌జార్ రేవులో దిగుతాం. వెళ్ళేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు. నేను తిరిగిన రోజుల్లో నడిచి ఎక్కేవాళ్ళకి రానూపోనూ కలిపి 4.65 యూరోలు. రాజధాని వాలెట్టా నుంచి ఫాస్ట్ ఫెర్రీ కూడా ఉంది గానీ, గాలి ఎక్కువైతే అది ఆగిపోతుంది. గోజోలో దాదాపు బస్సులన్నీ మధ్యలో ఉన్న విక్టోరియా ఊరికి వచ్చి అక్కడి నుంచి నలువైపులా వెళ్తాయి. అంటే ఒక తీరం నుంచి ఇంకో తీరానికి బస్సులో పోవాలంటే చాలాసార్లు విక్టోరియా మీదుగా రావాల్సిందే. మాల్టాలో ఉంటూ బస్సు కార్డు చేయించుకున్నవాళ్ళకి 2022 అక్టోబర్ నుంచి బస్సు ఉచితం. ఇక్కడికి వచ్చిన కొత్తల్లోనే ఆ కార్డుకి అప్లై చేసుకోండి.

నా ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు తమ్ముడు మొదట్లో నాతో వచ్చాడు. ద్వెయ్‌రాలో బస్సు దిగి చుట్టూ చూసి, "అన్నా, బీచ్ అన్నావు, ఇసుకేదన్నా?" అన్నాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు వెతుకుతూ పోతేనే దీవి మొత్తం అర్థమైంది నాకు.

గోజో నేల పొరలు పొరలుగా ఉంటుంది. అన్నిటికన్నా పైన గట్టి సున్నపురాయి. దాని కింద పల్చటి పచ్చ ఇసుకరాయి, ఆ కింద నీలి బంకమట్టి. ఇంకా కిందికి వెళ్తే తేనె రంగులో ఉండే మెత్తని సున్నపురాయి, ఇక్కడి ఇళ్ళన్నీ ఆ రాయితోనే కడతారు. అట్టడుగున మళ్ళీ గట్టి సున్నపురాయి. సముద్రం ఒడ్డున ఏ పొర బయటపడితే తీరం ఆ తీరుగా ఉంటుంది. పడమర వైపు ద్వెయ్‌రా, దక్షిణాన తా చెంచ్ దగ్గర అట్టడుగు గట్టి రాయే నేరుగా నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి అక్కడ నిటారు కొండలు, గుహలు తప్ప ఇసుక ఉండదు. ఉత్తరాన, ఈశాన్యాన నీలి బంకమట్టి బయటపడింది. బంకమట్టి జారుతుంది, ఏటవాలు లోయలు ఏర్పడతాయి, ఆ లోయల కొసన ఇసుక నిలుస్తుంది. నీళ్ళు ఆ మట్టిలో ఇంకవు కాబట్టి దాని పైఅంచున ఊటలు వస్తాయి. అందుకే ఆ లోయల్లో పొలాలూ ఉంటాయి. ఇది తెలిశాక గోజోలో ఎక్కడ నిలబడినా కొండ చూసి కింద ఇసుక ఉంటుందో లేదో కాస్త అంచనా వేయగలిగాను.

ఆ లోయల్లో పెద్దది రమ్లా ల్ హమ్రా. దీవిలో అన్నిటికన్నా పెద్ద ఇసుక తీరం ఇదే. ఇసుక ఎరుపు కలిసిన బంగారు రంగులో ఉంటుంది, రాళ్ళలోని ఇనుము వల్ల వచ్చిన రంగు అది. బస్సు దాదాపు ఒడ్డు దాకా వెళ్తుంది. లోతు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి పిల్లలున్నవాళ్ళకీ, ఈత రానివాళ్ళకీ ఇదే సరైన చోటు, సముద్రం శాంతంగా ఉన్న రోజు అయితేనే. బీచ్ మధ్యలో తెల్లటి మరియమ్మ విగ్రహం ఉంది. ఇసుక కింద రోమన్ల కాలపు భవనం శిథిలాలున్నాయి. నీళ్ళలో కొంచెం దూరాన, శత్రువుల ఓడలు ఒడ్డుకి రాకుండా ఒకప్పుడు మాల్టాను ఏలిన నైట్లు అనే క్రైస్తవ యోధులు కట్టించిన గోడ కూడా ఉంది.

రమ్లాలో నేను ఎక్కువసేపు చూసింది వెనక ఉన్న ఇసుక తిన్నెల్ని. మాల్టా దీవుల్లో ఇంత బాగా మిగిలిన ఇసుక తిన్నెలు ఇవే అంటారు. వాటి మీద పెరిగే గడ్డీ మొక్కలూ వేళ్ళతో ఇసుకను పట్టి ఉంచుతాయి. ఆ మొక్కలు తొక్కుతూ పోతే కొన్నేళ్ళలో ఇసుక గాలికి పోతుంది, బీచ్ చిక్కిపోతుంది. దారి వదిలి అటు వెళ్ళకండి. ఇసుక సీసాల్లో నింపుకుని తీసుకెళ్ళడం నేరం కూడా. మన ఊళ్ళలో సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు వేసింది తుఫాను గాలిని, ఇసుకను ఆపడానికే. ఆ తోటలు కొట్టేసిన చోట ఏమైందో చూసినవాణ్ణి కాబట్టి ఈ చిన్న తిన్నెలకి వీళ్ళు ఇంత కాపలా పెట్టడం నాకు చాలా గౌరవంగా అనిపించింది.

పైన కొండ మీద కలిప్సో గుహ ఉంది. గ్రీకు పురాణ వీరుడు ఒడిస్సియస్‌ను ఏడేళ్ళు తన దగ్గర ఉంచేసుకున్న కలిప్సో అనే దేవకన్య నివాసం ఇదేనని స్థానికుల నమ్మకం. బండలు కదులుతున్నాయని లోపలికి వెళ్ళనివ్వడం ఎప్పుడో ఆపేశారు. దృశ్యం కావాలంటే ఎదుటి కొండ మీదున్న మిష్తా గుహకి వెళ్ళండి. గుహ ద్వారంలోంచి మొత్తం రమ్లా కనిపిస్తుంది.

రమ్లాకి తూర్పున సాన్ బ్లాస్. దానిదీ అదే ఎర్ర ఇసుక, కానీ చాలా చిన్నది. నదూర్ ఊళ్ళో బస్సు దిగి నడవాలి. చివరి దారి ఎంత నిటారుగా ఉంటుందంటే దిగేటప్పుడే మోకాళ్ళు వణుకుతాయి. ఎక్కేటప్పుడు ఎండ నెత్తిన ఉంటే మరీ కష్టం. కానీ దారికి రెండు వైపులా నిమ్మ, నారింజ తోటలు, వాటికి గాలి తగలకుండా కట్టిన రెల్లు దడులు, నాగజెముడు కంచెలు ఉంటాయి. మంచినీళ్ళు రెండు సీసాలు పెట్టుకుని ఉదయాన్నే వెళ్ళండి, మధ్యాహ్నం ఎండ తగ్గాకే ఎక్కండి. ఒక్క బీచ్ మాత్రం ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఇప్పుడు గాలి సంగతి. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు చాలా తక్కువ, ఇక్కడ నీటి మట్టం తేడా ఒక జానెడు ఉంటుందేమో. మన బంగాళాఖాతంలో లాగా ఎప్పుడూ ఉండే కెరటాలూ ఉండవు. అందుకని సముద్రం ఎలా ఉండాలన్నది పూర్తిగా గాలే నిర్ణయిస్తుంది. ఎక్కువ రోజులు వీచేది వాయవ్యం గాలి, ఇక్కడివాళ్ళు మయ్యిస్త్రాల్ అంటారు. అది వీస్తే రమ్లా, సాన్ బ్లాస్, ఉత్తర తీరంలోని మర్సల్‌ఫోర్న్ వైపు సముద్రం లేస్తుంది. అదే సమయానికి దీవికి అవతలి వైపు నీళ్ళు చెరువులా కదలకుండా ఉంటాయి. ఆగ్నేయం నుంచి ష్లొక్ గాలి వస్తే లెక్క తిరగబడుతుంది. ఆ గాలి ఉక్కగా ఉంటుంది, ఒక్కోసారి సహారా దుమ్ము కూడా మోసుకొస్తుంది. ఆ రోజు దక్షిణం వదిలేసి ఉత్తరానికి వెళ్ళాలి.

ఇది నాకు చెప్పింది ఫెర్రీలో పరిచయమైన ఒక గోజో పెద్దాయన. రమ్లా వెళ్తున్నానంటే కిటికీలోంచి నీళ్ళ వైపు చూసి, "ఈ రోజు రమ్లా వద్దు, హొందో వెళ్ళు" అన్నారు. ఆయన చెప్పినట్టే హొందో ఇర్ రుమ్మీన్ వెళ్ళాను. కొమినో దీవికి ఎదురుగా ఉన్న చిన్న రేవు అది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే ఛాతీ లోతులో నిలబడి కాలి గోళ్ళు చూసుకోవచ్చు. అప్పట్నుంచి ఫెర్రీ ఎక్కే ముందు రాత్రి ఫోన్‌లో గాలి దిశ చూసి, ఏ తీరమో అప్పుడే తేల్చుకోవడం అలవాటైంది. ఇంకో మాట. గాలి ఆగిన మర్నాడు కూడా కెరటాలు కొంత ఉంటాయి. రమ్లాలో ఎర్ర జెండా ఎగురుతుంటే ఎంత ఎండగా ఉన్నా దిగొద్దు. లోపలికి లాగే ప్రవాహాలు అక్కడ గట్టిగా ఉంటాయి. బంగాళాఖాతం పక్కన పుట్టినవాళ్ళం, ఈ అలలేంటి అనుకోకండి. దయచేసి.

నీళ్ళు ఇంత తేటగా ఎందుకుంటాయో కూడా చెప్పాలి. మాల్టా దీవుల్లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. బురద తెచ్చి కలిపేదేదీ లేదు. పోషకాలు తక్కువ కాబట్టి నాచు కూడా తక్కువే. మన వైపు కృష్ణా, గోదావరి, ఇంకా పైన గంగ అన్నీ వచ్చి కలుస్తాయి. అందుకే నీళ్ళు బురదగా ఉంటాయి, ఉప్పదనమూ తక్కువే. ఇక్కడ కిలో నీటికి 38 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది, వెల్లకిలా పడుకుంటే నీళ్ళే పైకి మోస్తాయి. కాలవ ఈత వచ్చిన నాకు సముద్రపు ఈత మీద భయం పోయింది ఆ తేలడం వల్లే. కింద నల్లటి మచ్చల్లా కనిపించేవి పొసిడోనియా అనే సముద్రపు గడ్డి మైదానాలు. చలికాలంలో ఆ గడ్డి ఆకులు ఒడ్డుకి కొట్టుకొచ్చి గుట్టలు పడతాయి. కొందరు ముక్కు మూసుకుంటారు గానీ, చలికాలం తుఫాన్లకి ఇసుక కొట్టుకుపోకుండా ఆపేవి ఆ గుట్టలే.

నీళ్ళలో భయపడాల్సింది ఊదా రంగు చిన్న జెల్లీఫిష్‌కి. చెయ్యి మీద కుడితే నిప్పు తగిలినట్టే ఉంటుంది. రమ్లాలో లైఫ్‌గార్డ్ చెప్పినదాని ప్రకారం రుద్దకూడదు, మంచినీళ్ళు పోయకూడదు, ఈ రకానికి వెనిగర్ కూడా వద్దు. సముద్రపు నీళ్ళతోనే కడిగి, అంటుకున్న తీగలేమైనా ఉంటే మెల్లగా తీసేసి, తర్వాత చల్లగా కాపడం పెట్టాలి. ఊపిరి ఇబ్బందైతే వెంటనే 112కి ఫోన్ చేయాలి. రాతి తీరాల్లో ముళ్ళ ఉండల్లాంటి సీ అర్చిన్లు ఉంటాయి కాబట్టి రబ్బరు బూట్లు తప్పనిసరి.

పడమర ద్వెయ్‌రా ఒక్కదానికే ఒక పూట కేటాయించాలి. సముద్రంలో రాతి కిటికీలా నిలబడిన అజూర్ విండో ఉండేది ఇక్కడే. 2017 మార్చి 8న తుఫాను గాలుల్లో కూలిపోయింది. ఇప్పటికీ జనం అది ఉన్న చోటు చూడటానికి వస్తారు. పక్కనే బ్లూ హోల్ అనే గుండ్రటి నీటి బావి, ఎప్పుడూ డైవింగ్ చేసేవాళ్ళతో నిండి ఉంటుంది. కొంచెం లోపలికి వస్తే ఇన్‌లాండ్ సీ. చుట్టూ కొండలున్న ఉప్పునీటి మడుగు అది. కొండలోని సొరంగం ఒకటి దాన్ని బయటి సముద్రంతో కలుపుతుంది. చిన్న పడవల్లో ఆ సొరంగం దాటించి తిప్పుకొస్తారు, కానీ పడమటి గాలి ఉన్నప్పుడు నడపరు. భూమి కింది గుహలు కప్పు కూలి గుండ్రటి గుంతలు పడటం వల్లే ఇక్కడి అఖాతాలకి ఆ ఆకారం వచ్చింది. ఎదురుగా ఫంగస్ రాక్ అనే పెద్ద బండ ఉంది. దాని మీద పెరిగే ఒక ఎర్రటి మొక్కను రక్తం కట్టే మందనుకుని నైట్లు కాపలా పెట్టించారు. దాన్ని పుట్టగొడుగు (ఫంగస్) అనుకునే బండకి ఆ పేరు పెట్టారు గానీ, నిజానికి అది పరాన్న మొక్క.

ఈ తీరాలన్నిటి మీదా కావలి బురుజులు కనిపిస్తాయి. ష్లెండిలోది 1650, ద్వెయ్‌రాలోది 1652, ఇమ్‌జార్ ఇష్ షీనిలోది 1661. ఎందుకో తెలుసుకుంటే మనసు బరువెక్కుతుంది. 1551లో ఒట్టోమన్ (తురుష్క) సేన దీవి మీద పడి, దాదాపు జనం మొత్తాన్ని, ఐదు వేల మందిదాకా, బానిసలుగా ఎత్తుకెళ్ళింది. 1637 దాకా గోజో జనం రాత్రిళ్ళు విక్టోరియాలోని కోటలోనే పడుకోవాలని నియమం ఉండేది. పాత ఊళ్ళన్నీ కొండల మీద ఎందుకున్నాయో, ఇంత అందమైన తీరాల్లో ఇళ్ళు ఎందుకు లేవో అప్పుడు అర్థమైంది. సముద్రం వైపు నుంచి వచ్చేది చుట్టం కాదు, శత్రువు అన్న భయంతో ఇన్ని తరాలు బతికారు వీళ్ళు.

ఇమ్‌జార్ ఇష్ షీని సన్నటి రాతి లోయ కొసన ఉంటుంది. బస్సు వెళ్ళదు. ఇమ్‌జార్ రేవు నుంచి తీరం వెంట కాలిబాట ఉంది, నేను అలాగే వెళ్ళాను. ఇసుక లేదు, గులకరాళ్ళు. మయ్యిస్త్రాల్ గట్టిగా వీచే రోజున కూడా లోపల నీళ్ళు కదలవు. ఉత్తరాన ఉన్న వీద్ ఇల్ అస్రి కూడా సన్నటి లోయే, మెట్లు దిగి వెళ్ళాలి. కానీ అది ఉత్తరానికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి అలలున్న రోజు దాని జోలికి పోకూడదు, గోడల మధ్య నీళ్ళు ఎగిసిపడతాయి. ష్లెండి, మర్సల్‌ఫోర్న్ హోటళ్ళున్న పేటలు. తినడానికి మంచివి, ప్రశాంతత అడగకండి. శాకాహారులకి ఇబ్బంది లేదు. టమాటా, ఆలివ్ నూనె, కేపర్లు అనే ఊరబెట్టిన పూమొగ్గలు వేసిన రొట్టె, గొర్రె పాలతో చేసే జ్బేయ్‌నా అనే చిన్న చీజ్ గుండ్రాలు ఎక్కడైనా దొరుకుతాయి. పక్కనున్న కొమినోలోని బ్లూ లగూన్ గురించి అందరూ చెబుతారు. నీళ్ళు అద్భుతం, వేసవి మధ్యాహ్నం జనం మాత్రం భరించలేం. 2025 నుంచి ముందే బుక్ చేసుకుని రావాలనే నిబంధన పెట్టారు, మంచి పని చేశారు.

మర్సల్‌ఫోర్న్ నుంచి పడమరగా నడిస్తే ష్వెయ్‌ని ఉప్పు మడులు వస్తాయి. ఈత కొట్టే చోటు కాదు గానీ, గోజో తీరంలో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించింది ఇదే. మా మేనమామ చినగంజాం ఉప్పు మడుల్లో పనిచేశాడు. అక్కడ మట్టి తొక్కి గట్టిపరిచి మడులు కడతారు. ఇక్కడ ఆ తేనె రంగు మెత్తని సున్నపురాతినే గళ్ళు గళ్ళుగా తొలిచారు. తీరం వెంట మూడు కిలోమీటర్ల దాకా అవే గళ్ళు. సముద్రపు నీటిని ముందు పెద్ద గుంటల్లో నిలవబెట్టి, చిక్కబడ్డాక చిన్న మడుల్లోకి వదులుతారు. ఎండకి ఉప్పు పూస్తుంది. చీపురుతో ఊడ్చి, కుప్ప పోసి, నీరు కారాక సంచుల్లోకి ఎత్తి, కొండలో తొలిచిన గదిలో దాస్తారు. ఈ పని మే నుంచి సెప్టెంబర్ వరకే. ఒక్క వాన పడిందంటే పూసిన ఉప్పంతా కరిగిపోతుంది. అక్కడ ఉప్పు అమ్ముతున్న ఆవిడకి ఫోన్‌లో చినగంజాం ఫొటోలు చూపించాను. కుప్ప పోసిన తీరు చూసి, "వానొస్తే మీరేం కప్పుతారు?" అని అడిగింది. తాటాకులని చెప్పాను, ఇప్పుడు టార్పాలిన్ కూడా అని. ఆవిడ వాళ్ళ టార్పాలిన్ వైపు చెయ్యి చూపించింది. అక్కడికి వెళ్తే మడుల్లోకి దిగి ఫొటోలు తీసుకోకండి. అది వాళ్ళ పొలం.

కాలం గురించి అడిగితే సెప్టెంబర్, అక్టోబర్ అంటాను. సముద్రం ఆగస్టులో 26, 27 డిగ్రీలకి వేడెక్కి నెమ్మదిగా చల్లబడుతుంది. అక్టోబర్‌లో కూడా హాయిగా ఈదొచ్చు, జనమూ తగ్గుతారు. ఏప్రిల్‌లో ఎండ బాగానే ఉన్నా నీళ్ళింకా చలికాలంలోనే ఉంటాయి, పాదం పెట్టి వెనక్కి తీసేస్తారు. అయితే ఆ నెలలో నడకకి దీవి పచ్చగా, పూలతో ఉంటుంది.

ఈ సెప్టెంబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి మోకాళ్ళ నొప్పి, అందుకని సాన్ బ్లాస్ వద్దనుకున్నాను. వాయవ్యం గాలి లేని రోజు చూసి పొద్దున రమ్లా, అక్కడ అమ్మ ఇసుకలో కూర్చోవచ్చు. గాలి ఉంటే హొందో. సాయంత్రం ష్వెయ్‌ని. మేనమామ కోసం అక్కడి రాళ్ళుప్పు ఒక సంచి కొని అమ్మతో పంపాలి.